కోసేసి డైరెక్టు ఇచ్చేద్దామంటారా?

"కనెక్టరెందుకండీ, కోసేసి డైరెక్టు ఇచ్చేద్దాం." ఈ నెల రోజుల్లో ఈ మాట పాలకొల్లులో రెండుసార్లు, భీమవరంలో ఒకసారి, రాజమండ్రిలో ఒకసారి విన్నాను. ఇంకొక్కసారి వింటే మాత్రం గొడవైపోద్ది.

మా మావయ్య ఒకప్పుడు పాలకొల్లులో వీడియో గేమ్స్ షాపు నడిపాడు. అందులో ఓ పిన్‌బాల్ మెషీన్ ఉండేది, అదే, వాలుగా ఉండే బల్ల మీద ఇనప బంతిని కొట్టి ఆడే ఆట. 1980ల మొదట్లో షికాగోలో తయారైందది. ఎన్ని చేతులు మారిందో ఏమో, మద్రాసులో సెకండ్ హ్యాండ్‌కి కొన్నాడు. షాపు మూసేశాక నరసాపురంలో మా సావిట్లో టార్పాలిన్ కింద పడుంది, మీద కొబ్బరికాయల గోనెసంచులతో సహా. మొన్న విప్పి చూస్తే బోర్డులు బాగానే ఉన్నాయి, ట్రాన్స్‌ఫార్మర్ భేషుగ్గా ఉంది. పోయినవల్లా కనెక్టర్లే, అంటే వైర్లని బోర్డు మీది పిన్నులకి తగిలించే ప్లాస్టిక్ ముక్కలే.

ఎందుకు పోతాయంటే, బల్బుల వల్ల. అద్దం వెనకా ఆట బల్ల మీదా వెలిగేవి 6.3 వోల్టుల బల్బులు. 44 నంబరుదైతే ఒక్కోటి 250 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. 40 బల్బులకి 10 ఆంపియర్లు. అదంతా కనెక్టర్లో రెండు మూడు పిన్నుల మీదుగా పోవాలి. కొత్తలో పర్లేదు. తగరం పూత అరిగిపోయి, మన ఉప్పుగాలికి చిలుము పట్టాక ఆ పిన్ను దగ్గర రెసిస్టెన్స్ పెరుగుతుంది. 5 ఆంపియర్లు పోయే చోట 0.1 ఓమ్ చాలు, బియ్యపు గింజంత జాగాలో రెండున్నర వాట్ల వేడి పుడుతుంది. వేడికి లోపలి స్ప్రింగు పట్టు వదిలేస్తుంది. పట్టు వదిలితే ఇంకా వేడి. తెల్ల ప్లాస్టిక్కు కాస్తా ముందు గోధుమ రంగు, తర్వాత బొగ్గు. రొయ్యల చెరువు గట్టు మీద ఏరియేటర్ స్టార్టర్ పెట్టె తెరిచినవాళ్ళకి ఆ వాసన నేను చెప్పక్కర్లేదు.

మరి డైరెక్టు ఇచ్చేస్తే ఏం పోయింది అంటారా? కనెక్టర్ పెట్టిందే బోర్డు ఊడదీసుకోడానికండీ! వైర్లు బోర్డుకే అతికించేస్తే, రేపు ఒక ట్రాన్సిస్టర్ పోతే బోర్డు బయటికి ఎలా తీస్తారు? పన్నెండు వైర్లూ సోల్డర్ కరిగించి లాగాలి, ఏది ఎక్కడిదో రాసుకోవాలి. ఒక్కటి తారుమారైతే బంతిని తన్నే కాయిల్స్‌కి పోయే నలభై పైచిలుకు వోల్టులు 5 వోల్టుల చిప్పుల్లోకి దూరతాయి. తిరగేసి గుచ్చకూడదనే కదా, తయారుచేసినవాళ్ళు ఒక పిన్ను పీకేసి ఆ గడిలో ప్లాస్టిక్ బిరడా కొట్టింది.

ఇక షాపులు. ఈ కనెక్టర్లని కంపెనీ పేరుతో మోలెక్స్ అంటారు, అవి కావాలంటే కంప్యూటర్ హార్డ్‌డిస్క్ వైరు తెచ్చి చేతిలో పెట్టారు. మన షాపుల్లో వీటిని రిలిమేట్ అనడగాలని తర్వాత తెలిసింది. అలా అడిగినా "ఎన్ని పిన్నులు?" అంటారే గానీ పిన్నుకీ పిన్నుకీ దూరం ఎంతని అడిగినవాడు లేడు. నాక్కావలసిన పెద్దవి 3.96 మిల్లీమీటర్లు, చిన్నవి 2.54. ఒక షాపాయన 2.5వి ఇచ్చి "ఆయ్, రెండూ ఒకటేనండీ, పడిపోద్ది" అన్నాడు. 0.04 తేడా నాలుగు పిన్నులకి తెలీదు. పదహారో పిన్ను దగ్గరికొచ్చేసరికి 0.6 అవుతుంది, దాదాపు పిన్ను మందమంత. పడలేదు సరికదా, బోర్డు మీద రెండు పిన్నులు వంగాయి.

ఆఖరికి సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌లో పడ్డాను. దొరికాయి. కనెక్టర్ లోపల వైరు చివర ఉండే లోహపు ముక్కలు, అదే టెర్మినల్స్, అందులోనూ పిన్నుని మూడు చోట్ల పట్టుకునే ట్రైఫర్కాన్ రకం మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించాను. కనెక్టర్ల కన్నా, టెర్మినల్‌ని వైరుకి నొక్కి బిగించే క్రింపింగ్ టూల్‌కే ఎక్కువైంది. అది లేకుండా మొదలెట్టకండి. టెర్మినల్‌కి రెండు జతల రెక్కలుంటాయి, ఒక జత రాగిని పట్టాలి, ఇంకో జత పైతొడుగుని. కటింగ్ ప్లయర్‌తో నలిపితే రెండూ పట్టవు. అన్నట్టు, బోర్డు మీద కాలిన మగ పిన్నులు అలాగే ఉంచి, వాటికి తగిలే ఆడ కనెక్టర్ని మాత్రం కొత్తది వేసే మెకానిక్కులకి ఓ దండం. కొత్తది కూడా నాలుగు రోజుల్లో మాడుతుంది. బల్బులు కూడా 47 నంబరువి వేశాను. ఒక్కోటి 150 మిల్లీ ఆంపియర్లే, 10 కాస్తా 6కి దిగింది.

ఇంకొక్కటే మిగిలింది, డబ్బులేసే తలుపు దగ్గరిది. నిన్న రాత్రి మావయ్య వచ్చి నా వెనకాల నిలబడి చాలాసేపు చూశాడు.

"ఇదొక్కటీ డైరెక్టు ఇచ్చెయ్యరా" అన్నాడు.