ఫ్రెంచి విప్లవం కేకు మాటతో మొదలవలేదు

జూలై 14 వచ్చిందంటే వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతుంది: "తినడానికి రొట్టె లేదంటే రాణి మేరీ ఆంటొనెట్ కేకు తినమంది. ఆమె సోకులకే ఖజానా ఖాళీ. ఆకలికి తాళలేక జనం బాస్టిల్ జైలు బద్దలుకొట్టి, ఆ రోజే రాజును దించేశారు." పిల్లలకు కూడా ఇదే చెబుతున్నారు. అందుకే రాస్తున్నాను.

కేకు సంగతి: ఆమె ఆ మాట అన్నట్టు ఆధారం లేదు. ఎవరో రాకుమారి అలా అన్నదని రచయిత రూసో తన ఆత్మకథలో రాసేనాటికి ఆంటొనెట్ ఇంకా ఆస్ట్రియాలో చిన్నపిల్ల. ఫ్రాన్సుకు కోడలిగా వచ్చింది 1770లో.

సోకుల సంగతి: 1788 లెక్కల్లో రాజాస్థానం మొత్తం ఖర్చు ప్రభుత్వ ఖర్చులో నూటికి ఆరు వంతుల దగ్గర ఉంది. అప్పుల చెల్లింపులకే దాదాపు సగం పోయేది. ఆ అప్పులు యుద్ధాలవి, ముఖ్యంగా ఇంగ్లండు మీద అమెరికాకు చేసిన సాయానివి.

ఇక ఆకలి. అది నిజమే, 1788 జూలైలో వడగళ్లు పంటను దెబ్బతీశాయి, రొట్టె ధర మండిపోయింది. కానీ 1775లోనూ రొట్టె కోసం పెద్ద అల్లర్లు జరిగాయి. రాజు పదహారో లూయీ సైన్యాన్ని పంపి అణిచేశాడు, సింహాసనం కదల్లేదు. మరి 1789లో ఎందుకు కదిలింది?

ఎందుకంటే అప్పటికి రెండేళ్లుగా రాజుకు ఎదురుతిరిగింది పెద్దలే. 1787 ఫిబ్రవరిలో మంత్రి కలోన్ అందరి భూముల మీదా పన్ను వేద్దామంటే, పిలిపించిన ప్రముఖులే ఒప్పుకోలేదు. కొత్త పన్నుకు ఎస్టేట్స్ జనరల్ (మతగురువులు, ప్రభువులు, మిగతా జనం అనే మూడు వర్గాల ప్రతినిధుల సభ) అనుమతి కావాలని పారిస్ పార్లమాఁ పట్టుబట్టింది (ఇది చట్టసభ కాదు, ఉన్నత న్యాయస్థానం). ఎస్టేట్స్ జనరల్ 1614 తర్వాత కూడనే లేదు. 1788 మేలో రాజు న్యాయస్థానాల అధికారాలు కత్తిరిస్తే, జూన్ 7న గ్రెనోబుల్ జనం ఇళ్లపైకెక్కి సైనికుల మీద పెంకులు విసిరారు, జడ్జీల పక్షాన! ఆగస్టు 10న టిప్పు సుల్తాన్ రాయబారులు ఇంగ్లీషువాళ్ల మీద సాయం కోరుతూ వెర్సైల్స్‌లో రాజును కలిశారు. ఆరు రోజులకే ఆ రాజు ఖజానాయే చెల్లింపులు ఆపేసింది.

అసలు చీలిక సెప్టెంబరులో వచ్చింది. రాజు ఎస్టేట్స్ జనరల్‌ను పిలవడానికి ఒప్పుకున్నాక, అందులో 1614 పద్ధతే ఉండాలంది పార్లమాఁ. అంటే వర్గానికి ఒక ఓటు. మతగురువులు, ప్రభువులు కలిస్తే మిగతా దేశమంతా ఓడినట్టే. నిన్నటిదాకా జేజేలు కొట్టిన జనం ఆ కోర్టుకు దూరమయ్యారు. గొడవ పన్ను నుంచి ఓటు మీదికి మళ్లింది. 1789 జూన్ 17న మూడో ఎస్టేట్ (అంటే ఆ మిగతా దేశం ప్రతినిధులు) తానే జాతీయ అసెంబ్లీనని ప్రకటించుకుంది. బాస్టిల్ ఇంకా నెల దూరంలో ఉంది.

జూలై 14న బాస్టిల్ దగ్గరికి జనం వెళ్లింది తుపాకిమందు కోసం. పారిస్ చుట్టూ సైన్యం దిగింది, జూలై 11న జనం నమ్మిన మంత్రి నెకెర్‌ను తీసేశారు, అసెంబ్లీని కూడా రద్దు చేస్తారన్న టెన్షన్ ఊరంతా పాకింది. లోపలున్న ఖైదీలు ఏడుగురే. రాజు ఆ తర్వాత మూడేళ్లు రాజుగానే ఉన్నాడు. రాజరికం రద్దయింది 1792 సెప్టెంబరు 21న.