ఫ్రిజ్‌కి బ్యాటరీ, నాన్నగారికి విసనకర్ర

రాత్రిపూట కరెంటు పోతే ఇంట్లో ముందు ఎవరిని కాపాడాలన్న విషయంలో మన కుటుంబాలకు ఇంతవరకు ఒక పద్ధతంటూ లేదు. ఎవరికి తోచిన స్విచ్ వాళ్లు నొక్కేస్తున్నారు. పిల్లల గదిలో ఫ్యాను, హాల్లో లైటు, మూల మూలకో ఫోన్ చార్జరు. అర్హత చూడకుండా బ్యాటరీని పప్పుబెల్లాల్లా పంచేస్తున్నారు. తెల్లవారుజామున ఇన్వర్టర్ కీచుమంటుంది, ఫ్రిజ్‌లో పాలు విరుగుతాయి, ఇంటిల్లిపాదీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఈ అరాచకాన్ని ఇంకెన్నాళ్లు సహించాలి?

మాది పర్లాకిమిడి. జిల్లా గజపతి, రాష్ట్రం ఒడిశా, ఇంట్లో మాట తెలుగు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మేం ఇటొచ్చాం, పక్కనే ఉన్న పాతపట్నం అటు, ఇప్పటి ఆంధ్ర వైపు, ఉండిపోయింది. దాంతో కరెంటు పోయినప్పుడల్లా మాకు ఒక అదనపు బాధ్యత. పాతపట్నంలో ఉందో లేదో చుట్టాలకు ఫోన్ చేసి కనుక్కోవాలి. అక్కడా లేదంటే మనసు కుదుటపడుతుంది. ఉందన్నారో, ఆ రాత్రి అరుగుల మీద రాష్ట్రాల సరిహద్దులు మళ్లీ గీస్తారు. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుకభాష కోసం పోరాడింది ఈ ఊళ్లో ఉండే. ఆ వాడుకభాష ఎంత సంపన్నమైనదో తెలుసుకోవాలంటే మే నెలలో, రాత్రి పదకొండింటికి, ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మన్న మరుక్షణం మా వీధిలో నిలబడితే చాలు.

వేసవిలో కాలవైశాఖి గాలులు, అక్టోబరులో తుపానులు. 2018 అక్టోబర్ 11న తిత్లీ వచ్చి వెళ్లాక మా జిల్లాలో రోజుల తరబడి చీకటే. ఇలాంటి చోట బతుకుతూ కూడా ఫ్రిజ్ గురించి తీవ్రంగా ఆలోచించనివాణ్ణి బాధ్యత గల పౌరుడని నేను అనుకోను.

నా కళ్లు తెరిపించింది టెక్సాస్‌లో ఉన్న మా మేనల్లుడు. వాడు ఈమధ్య ఆర్వీ కొన్నాడు. మంచం, వంటగట్టు, స్నానాలగది అన్నీ ఉన్న బండి అన్నమాట. అందులో మొదట గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ ఉండేదట. మంట పెడితే చల్లబడే ఫ్రిజ్! నవ్వకండి, ఆ తరహా యంత్రాన్ని 1922లోనే ఇద్దరు స్వీడన్ కుర్రాళ్లు కనిపెట్టారు. ఐన్‌స్టీన్ అంతటివాడు జిలార్డ్ అనే తోటి శాస్త్రవేత్తతో కలిసి మరో రకం ఫ్రిజ్ తయారు చేసి 1930లో అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. ఇంత చరిత్ర ఉన్నదాన్ని మావాడు పీకి పారేసి, మామూలు ఇంటి ఫ్రిజ్ పెట్టించుకున్నాడు. ఇక ఆ బండిని అడవిలో ఆపినప్పుడు రాత్రికి కరెంటేది? జనరేటర్ వేద్దామంటే అక్కడి క్యాంపు మైదానాల్లో రాత్రి పదింటి తర్వాత చప్పుడు చేయకూడదు. కాబట్టి బ్యాటరీల మీదే తెల్లవార్లూ ఫ్రిజ్ నడపాలి.

"నడిపించేసేను మావయ్యా! పొద్దున్న లేచి చూస్తే పాలు చల్లగా ఉన్నాయి" అన్నాడు, చంద్రుడి మీద దిగినవాడి గొంతుతో.

"మరి నువ్వెలా పడుకున్నావురా?"

"నాకేటి, అక్కడ చలి కదా. దుప్పటి కప్పుకున్నాను."

తేడా అంతా ఇక్కడే ఉంది. వాడి అడవిలో రాత్రి ఫ్రిజ్‌కీ మనిషికీ పోటీ లేదు. మా ఇంట్లో ఉంది. అయినా వాడు చేయగా లేనిది మనం చేయలేమా అని ఆ రాత్రే కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

మా బ్యాటరీ 12 వోల్టులు, 150 ఏహెచ్, అంటే ఆంపియర్ అవర్లు. గుణిస్తే 1800 వాట్ అవర్లు, అంటే వంద వాట్ల వస్తువు పద్దెనిమిది గంటలు నడిచేంత కరెంటు. ఇది కాగితం మీది ఐశ్వర్యం. లెడ్ యాసిడ్ బ్యాటరీని రోజూ సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తరిగిపోతుంది, కాబట్టి మనది అనుకోదగ్గది 900. ఇన్వర్టర్ తన దస్తూరీ కింద అందులో అయిదో వంతు తినేస్తుంది. చేతికొచ్చేది 720. ఇక ఖర్చు. మా సింగిల్ డోర్ ఫ్రిజ్ కంప్రెసర్ తిరిగేటప్పుడు వంద వాట్లు లాగుతుంది. కానీ అది రాత్రంతా తిరగదు. కాసేపు తిరిగి, కాసేపు ఆగుతుంది. సగం సేపు అనుకుంటే ఎనిమిది గంటలకు 400. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు. అది ఆగదు. ఎనిమిది గంటలకు 600.

అంటే ఫ్రిజ్ ఒక్కటైతే హాయిగా నడుస్తుంది. ఫ్యాను ఒక్కటైతే నడుస్తుంది. రెండూ కలిపితే వెయ్యి. తెల్లవారకముందే బ్యాటరీ చేతులెత్తేస్తుంది.

ఈ లెక్క చూశాక నాకు ఫ్రిజ్ మీద గౌరవం పెరిగింది. చూడండి, అది తన పని చేసుకుంటుంది, చాలనుకుంటే తానే ఆగుతుంది. మొదలయ్యే క్షణంలో మాత్రం మామూలు కన్నా ఎన్నో రెట్లు లాగి ఇన్వర్టర్‌ని హడలగొడుతుంది. ఇంత చేసే యంత్రానికి ఆ మాత్రం కోపం ఉండదా? ఫ్యాను కింద పడుకున్న మనిషి సంగతి చూస్తే, ఎంత గాలి ఇచ్చినా ఇక చాలన్న పాపాన పోడు. పైగా ఏ వస్తువూ చల్లబరచడు. కాబట్టి బ్యాటరీ ఫ్రిజ్‌దేనని తీర్మానించి, నాన్నగారికి తాటాకు విసనకర్ర ఇచ్చాం. ఆయన వయసు ఎనభై దాటింది. విసురుకుంటే భుజాలకు వ్యాయామం.

అసలు ఆ ఫ్రిజ్‌లో ఏముందని మీరు అడగొచ్చు. దొంగచూపు చూడకుండా తలుపు తీసే చెబుతాను. పై అరలో పప్పు గిన్నె, మీద పళ్లెం, ఆ పళ్లెంలో నాలుగు వంకాయ ముక్కలు. దాని పక్కన ఐస్‌క్రీమ్ డబ్బా. మా చిన్నది ప్రతిసారీ ఆశగా మూత తీస్తుంది, ప్రతిసారీ కరివేపాకే. సగం నిమ్మచెక్క ఉంది, దాని మిగతా సగాన్ని ఎప్పుడు పిండారో ఎవరికీ గుర్తులేదు. తడిగుడ్డలో మల్లెమొగ్గలు. ఎవరో ఇచ్చిన ఛెనాపోడ అనే ఒడియా మిఠాయి ముక్క, అతిథులొస్తే పెడదామని దాచింది. అతిథులు వచ్చారు, తిన్నారు, వెళ్లారు, అది అలాగే ఉంది. బరంపురం అప్పడాల కట్ట. పూరీ నుంచి తెచ్చిన నిర్మాల్యం పొట్లం. ఎండబెట్టిన అన్నమది, బయట పెట్టినా చెడదు, కానీ స్వామివారికి ఉక్కపోస్తుందేమోనని అమ్మ లోపల పెట్టింది. తలుపు అరలో హోటలువాళ్లిచ్చిన సాస్ పొట్లాలు, గట్టిపడ్డ గోళ్లరంగు సీసా, స్క్రూ డ్రైవర్. స్క్రూ డ్రైవర్ చల్లగా ఎందుకుండాలో నేనడగలేదు. కుటుంబం అన్నాక కొన్ని నమ్మకాలు ఉంటాయి.

ఈ ఖజానా కోసమే మేం రాత్రంతా చెమటలు కక్కుతున్నాం. ఎవరైనా ప్రశ్నిస్తే చూపించడానికి ఒక వస్తువు మాత్రం ఉంది: దోసెల పిండి వెనకాల, అమ్మ ఇన్సులిన్. దాని గురించి వేళాకోళం వద్దు. సీలు తీయని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిందే. తీసినదైతే 30 డిగ్రీలు దాటని చోట సుమారు నాలుగు వారాలు ఉంటుంది, అందుకోసం తడి మట్టికుండలో పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. అయితే మా ఇంట్లో ఇన్సులిన్ పేరు చెప్పి వంకాయ ముక్కలు కూడా బతికిపోతున్నాయి.

ఎదురింటి మామ్మగారికి ఫ్రిజ్ లేదు. ఆవిడ రాత్రి అన్నంలో నీళ్లు పోసి మూత పెట్టి నిద్రపోతారు. పొద్దున్నకి పులిసిన చద్దన్నం, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. మా వైపు ఒడియావాళ్లు దీన్నే పఖాళ అంటారు, మార్చి 20న దానికొక దినోత్సవం కూడా జరుపుతారు. ఎంత ఉక్కపోస్తే అంత బాగా పులుస్తుంది! కరెంటు పోతే బాగుపడే ఆహారం ఇంకొకటి నాకు తెలియదు. ఇంత వెనకబడిన పద్ధతి మన వీధిలో ఇంకా ఉందంటే సిగ్గుచేటే.

మా మేనల్లుడు ఇంకో మాట కూడా చెప్పాడు గానీ దాన్ని మేం సీరియస్‌గా తీసుకోలేదు. తలుపు తీయకుండా ఉంటే కరెంటు లేకున్నా ఫ్రిజ్ నాలుగు గంటలు చల్లగానే ఉంటుందట. ఫ్రీజర్ నిండుగా ఉంటే అందులో సరుకు రెండు రోజులు ఆగుతుందట. కరెంటున్నప్పుడే నీళ్ల సీసాలు గడ్డకట్టించి పెట్టుకుంటే చాలా రాత్రులు బ్యాటరీ పనే ఉండదట. శాస్త్రం గొప్పదే. కానీ ఆ శాస్త్రజ్ఞులు మా ఇంట్లో ఒక్క రాత్రి పడుకోలేదు. కరెంటు పోయిన ఐదో నిమిషానికి మా ఆవిడ తలుపు తీసి "చల్లగానే ఉందండీ" అంటుంది. పదో నిమిషానికి అమ్మ వచ్చి పాలగిన్నె పట్టుకుని చూస్తుంది. తర్వాత పిల్లలు, లోపల లైటు వెలుగుతోందో లేదోనని. పన్నెండింటికి నాన్నగారు తలుపు తీసి, అలాగే నిలబడిపోతారు. ఎందుకు నిలబడ్డారని ఎవరూ అడగరు. ఒక తాళంకప్ప కొంటే ఈ సమస్య తీరిపోతుంది. కానీ బ్యాటరీ కొన్నామంటే నలుగురూ ఎంతయిందని అడుగుతారు, తాళంకప్ప కొన్నామంటే ఎవరు అడుగుతారు?

పెద్దపిల్ల కాలేజీలో చదువుతోంది కాబట్టి దానికీ ఒక సలహా ఉంది. కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లే లాగుతుందట. రాత్రికి 240. ఫ్రిజ్‌తో కలిపితే 640. మన 720లో రెండూ సరిపోతాయి, ఇంకా 80 మిగులుతుంది. ఖర్చు మూడు వేలు. లెక్క తప్పని చెప్పలేకపోయాం. మనుషుల సుఖం కోసం మూడు వేలు తగలేయడం ఏ కొంపలో చూశావే అని మందలించి పంపించాం.

చివరికి ఇంట్లో అందరం కూర్చుని రెండో బ్యాటరీ కొనాలని నిర్ణయించాం. నాన్నగారి మొహం వెలిగింది. విసనకర్ర పక్కన పెట్టి, "అయితే నా ఫ్యాను..." అన్నారు.

"ఆగండి మావయ్యగారూ" అంది మా ఆవిడ. "పై వారం డీప్ ఫ్రీజర్ వస్తోంది."