బొమ్మ ఎలా పడుతుందో పిల్లలకు చూపిద్దాం

దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ జాతరలో, పూజారి కూర్చునే పొడవాటి సిరిమాను కదిలేసరికి దండం పెట్టాల్సిన చేతుల్లో ఫోన్లుంటాయి. నాన్న భుజాలెక్కిన పిల్లలు కూడా తీస్తుంటారు. రాత్రికి ఆ వీడియోలు ఊరంతా తిరుగుతాయి. కోట దగ్గర నిలబడి తీసినదాంట్లో మాను చివర కూర్చున్న పూజారి, పైన ఆకాశం తప్ప ఇంకేమీ ఉండవు. సందు మొగలో తీసినదాంట్లో తోపులాటే ఉంటుంది, మాను కనిపించదు. మేడ మీద నుంచి తీసినదాంట్లో జనం చీమల బారులా కనిపిస్తారు. మూడూ నిజమే, మూడూ ఒకే పండగ. ఏది చూసినవాడు అదే జరిగిందనుకుంటాడు. ఫోను ఎక్కడ పెట్టాం, ఎప్పుడు నొక్కాం, ఎప్పుడు ఆపాం అన్నదాన్ని బట్టి పండగే మారిపోతుందని పిల్లవాడికి చెప్పే పాఠం మాత్రం మన బడుల్లో కనపడదు.

ఆ పాఠం చెప్పడానికి మ్యూజియం సరైన చోటని మా అభిప్రాయం. ఉత్తరాంధ్ర పిల్లలకు సినిమా ఎలా తయారవుతుందో చేతులతో చేసి తెలుసుకునే వర్క్‌షాపులు పెట్టాలి. వాటిని విజయనగరంలో మొదలుపెట్టాలి. ఈ మాట అనగానే ఎదురయ్యే ప్రశ్న మాకు తెలుసు. 'మా గుంటడు అసలే ఫోను వదల్డు బాబూ, మళ్లీ మీరు సినిమా నేర్పిస్తామంటారేటి?' అని ఏ తల్లయినా అడుగుతుంది. న్యాయమైన ప్రశ్నే. కానీ వదలని ఫోనును లాక్కోవడం ఎవరివల్లా కావడం లేదు. అందులో ఆడే బొమ్మ ఎలా పుడుతుందో తెలిసిన పిల్లవాడు దాన్ని నోరు తెరిచి చూడడు, కాస్త కన్ను చిట్లించి చూస్తాడు. మేము కోరేది అంతే. ఇది రేపటి హీరోలనీ డైరెక్టర్లనీ తయారుచేసే పథకం కాదు.

ఇదేమీ కొత్తగా కనిపెట్టాల్సిన పని కాదు. ఇటలీలోని టురిన్ నగరంలో జాతీయ సినిమా మ్యూజియం 2000 నుంచి మోలే అంటోనెల్లియానా అనే ఎత్తయిన కట్టడంలో నడుస్తోంది. అక్కడ సినిమా కథ కెమెరాతో మొదలు కాదు, నీడలాటలతో మొదలవుతుంది. న్యూయార్క్‌లో పాత స్టూడియో ఆవరణలో 1988లో తెరిచిన మూవింగ్ ఇమేజ్ మ్యూజియంలో వచ్చినవాళ్లు తామే బొమ్మల్ని ఒక్కొక్కటిగా జరిపి యానిమేషన్ చేయొచ్చు, సినిమా ముక్కకు తమ గొంతుతో డబ్బింగ్ చెప్పొచ్చు. ఫ్రాన్స్ 1994 నుంచి చిన్న తరగతుల పిల్లల్ని బడివేళల్లోనే థియేటర్‌కు తీసుకెళ్లి, చూసినదాని గురించి తరగతిలో మాట్లాడిస్తోంది. మన ముంబైలో 2019లో ప్రారంభమైన జాతీయ భారతీయ సినిమా మ్యూజియంలో పిల్లల కోసం ఒక అంతస్తే ఉంది. గజపతినగరం జెడ్పీ హైస్కూలు పిల్లలకు మాత్రం ముంబై ఎంత దూరమో టురిన్ కూడా దాదాపు అంతే దూరం.

నీడలాట అంటే మనకు వేరే చెప్పాలా? తెల్లటి పంచె తెర, వెనక దీపం, రంగులద్దిన తోలుబొమ్మ. బొమ్మను దీపానికి దగ్గరగా తెస్తే నీడ పెద్దదవుతుంది. కెమెరాలో క్లోజప్ అనే మాట పుట్టకముందే మన ఆటగాళ్లకు ఆ కిటుకు తెలుసు. రామాయణం మధ్యలో కేతిగాడు, బంగారక్క ఎప్పుడొచ్చి నవ్వించాలో, ఎప్పుడు తప్పుకోవాలో కూడా తెలుసు. వర్క్‌షాపు మొదటి గంట అక్కడే గడవాలి. రెండో గంటలో పిల్లలు ఒక కాగితం పట్టీ మీద పరుగెత్తే మేకపిల్లవి పన్నెండు బొమ్మలు గీసి, చుట్టూ చీలికలు కోసిన అట్టడబ్బాలో పెట్టి తిప్పాలి. 1834లో ఇంగ్లండులో హార్నర్ అనే ఆయన చేసిన ఆటవస్తువు ఇది, జోట్రోప్ అంటారు. చీలికలోంచి చూస్తే మేకపిల్ల పరుగెడుతుంది. డబ్బా పైనుంచి చూస్తే మాత్రం గీతలన్నీ అలికినట్టు కలిసిపోతాయి. ఎందుకంటే బొమ్మకీ బొమ్మకీ మధ్య చీకటి పడితేనే కన్నూ మెదడూ కలిసి దాన్ని కదలికగా అల్లుకుంటాయి. ఫిల్మ్ ప్రొజెక్టర్‌లోనూ అంతే. ఒక బొమ్మ వెళ్లి ఇంకో బొమ్మ వచ్చే లోపు షట్టర్ అడ్డుపడి వెలుగు ఆపుతుంది. ఇన్నేళ్లుగా టికెట్ కొని మనం చీకటి కూడా బాగానే చూశామన్నమాట.

ఇక్కడే లెక్కల మాస్టారిని పిలవాలి. సెకనుకు 24 బొమ్మలు. 35 ఎంఎం ఫిల్మ్‌లో అడుగుకు 16 బొమ్మలు. వెయ్యి అడుగుల రీలు ఎంతసేపు ఆడుతుంది? పదకొండు నిమిషాలు. రెండున్నర గంటల సినిమాలో ఎన్ని బొమ్మలు? 2,16,000. ఏడో తరగతి పిల్లలు ఈ లెక్క చేసి, అరచేతిలో ఫిల్మ్ ముక్క పట్టుకుని, దాని పక్కన సన్నగా పారే శబ్దం గీతను వెలుతురులో చూస్తే ఆ రోజు చాలాకాలం గుర్తుంటుంది. పాఠ్యపుస్తకంలో ఒక బొమ్మ వేసి కింద రెండు వాక్యాలు రాస్తే గుర్తుండదు.

కానీ అసలు పాఠం ఎడిటింగ్‌లో ఉంది. సుమారు వందేళ్ల కిందట లెవ్ కులెషోవ్ అనే రష్యన్ దర్శకుడు ఒక ప్రయోగం చేశాడు. ఒక నటుడి ముఖం, ఏ భావమూ లేనిది, తీసుకున్నాడు. దాని తర్వాత ఒకసారి సూపు గిన్నె, ఒకసారి శవపేటికలో పాప, ఒకసారి ఒక యువతి ఉన్న ముక్కల్ని అతికించాడు. చూసినవాళ్లు ఆకలిని ఎంత బాగా చూపాడో, దుఃఖాన్ని ఎంత బాగా చూపాడో అని ఆ నటుణ్ని మెచ్చుకున్నారట. ముఖం మాత్రం మూడుసార్లూ ఒక్కటే.

దీన్ని మన బడిలో చేయడానికి ఒక ఫోను చాలు. వెనక బెంచీ కుర్రాణ్ని గోడ దగ్గర నిలబెట్టి, నవ్వకుండా పది సెకన్లు తీయండి. తర్వాత ఒక పులిహోర పళ్లెం, ఒక ప్రోగ్రెస్ కార్డు, పగిలిన కిటికీ అద్దం విడివిడిగా తీయండి. అతికించి పక్క తరగతికి చూపండి. మొదటిదానికి 'ఆకలేస్తున్నట్టుంది' అంటారు, రెండోదానికి 'ఫెయిలయ్యాడు' అంటారు, మూడోదానికి 'వీడే పగలగొట్టాడు' అంటారు. ఆ కుర్రాడు అద్దం దగ్గరికే వెళ్లలేదని చివర్లో చెప్పండి. అబద్ధపు ముక్క ఒక్కటీ లేకుండానే ఒక మనిషి మీద నేరం మోపొచ్చని పదమూడేళ్ల వయసులో కళ్లారా చూసినవాడు, రేపు ఏ కులం మీదో ఏ ఊరి మీదో వాట్సాప్‌లో వచ్చిన అర నిమిషం వీడియోను ఫార్వర్డ్ చేసే ముందు ఒక్క క్షణమైనా ఆగుతాడు. లేని మనిషి ముఖాన్నీ గొంతునూ కంప్యూటర్‌తోనే సృష్టిస్తున్న ఈ రోజుల్లో ఆ ఒక్క క్షణం చాలా విలువైనది. ఎన్నికలప్పుడు మరీ విలువైనది.

విజయనగరమే ఎందుకంటే, ఇక్కడ సగం మ్యూజియం ఇప్పటికే ఉంది గనుక. గురజాడ అప్పారావు ఉన్న ఇల్లు స్మారకంగా మన మధ్యే ఉంది. 'కన్యాశుల్కం' 1892లో తొలిసారి ఆడింది ఈ ఊళ్లోనే, అచ్చయింది 1897లో. 1955లో పి.పుల్లయ్య దాన్ని సినిమాగా తీశారు. గిరీశంగా ఎన్టీఆర్, మధురవాణిగా సావిత్రి. మన చట్టం ప్రకారం విడుదలైన 60 ఏళ్లకు సినిమా కాపీరైట్ గడువు తీరిపోతుంది కాబట్టి దాన్ని పిల్లలకు వేసి చూపడానికి పెద్ద అడ్డంకి లేదు. గురజాడ ఇంటి వసారాలో నాటకంలోని ఒక రంగాన్ని పిల్లలే చదివి ఆడాలి. నాటకంలో అందరూ ఒకేసారి కనబడతారు, ఎవరి ముఖం చూడాలో మనిష్టం. తర్వాత సినిమాలో అదే ఘట్టం చూడాలి. అక్కడ ఎవర్ని చూడాలో కెమెరా ముందే తేల్చేస్తుంది. మాట్లాడేవాడి ముఖం చూపించిందా, వినేదాని ముఖమా? ఈ ఒక్క ప్రశ్న మీద గంటసేపు కొట్లాడుకోవచ్చు. రామప్పంతులు వేషంతో పేరు తెచ్చుకుని, 1980లో 'శంకరాభరణం'తో దేశానికంతా తెలిసిన జె.వి.సోమయాజులు ఈ గడ్డ మీద నాటకం ఆడుతూ ఎదిగినవాడే.

శబ్దం సంగతికొస్తే మనకున్న సిరి మరెవరికీ లేదు. 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా నడిచిన మహారాజా సంగీత కళాశాల ఇక్కడుంది. ఘంటసాల వారాలు చేసుకుని, మధుకరం ఎత్తుకుని సంగీతం నేర్చుకున్నది ఈ వీధుల్లోనే. పి.సుశీల పుట్టింది, చదివింది ఇక్కడే. సాలూరి రాజేశ్వరరావు సాలూరు దగ్గరి శివరామపురం బిడ్డ. ఆ కళాశాల గదిలో పిల్లలు ఒకే దృశ్యానికి ఒకసారి వీణ, ఒకసారి తప్పెటగుళ్లు, ఒకసారి ఏమీ లేని నిశ్శబ్దం పెట్టి చూడాలి. కొబ్బరి చిప్పలతో గుర్రపు డెక్కలు, చేటలో బియ్యంతో వాన చేయాలి. సంగీతం నేర్చుకుంటున్న పెద్ద విద్యార్థులే వాళ్లకు గురువులు కావచ్చు.

మరి శ్రీకాకుళం జిల్లా పిల్లలు? ఇచ్ఛాపురం నుంచో పలాస నుంచో విజయనగరం వచ్చి వెళ్లడమంటే తెల్లవారుజామున లేవడం, బస్సులో కక్కుకోవడం, సగం సొమ్ము డీజిలుకే పోవడం. ఒకప్పుడు మన పల్లెలకు సినిమా ఎలా వచ్చింది? డేరా వేసుకుని టూరింగ్ టాకీస్ వచ్చింది. ఈ వర్క్‌షాపూ అలాగే పెట్టెలో కదలాలి. తోలుబొమ్మలు నాలుగు, అట్టడబ్బాలు, ఫిల్మ్ ముక్కలు, ఒక తెల్లగుడ్డ, రెండు ఫోన్లు, ఒక మనిషి. ప్రభుత్వ బడుల గోడల మీద ఇప్పటికే పెద్ద డిజిటల్ ప్యానెళ్లు వచ్చాయి, పిల్లలు తీసినదాన్ని వాటి మీదే చూసుకోవచ్చు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య ఎప్పుడైనా పది రోజులు పుస్తకాల సంచి లేకుండా నడవాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. స్థానిక కళాకారుల్ని కలవమనీ చెప్పింది. ఆ పది రోజుల్లో రెండు రోజులు దీనికివ్వడానికి కొత్త జీవో కూడా అక్కర్లేదు.

మాకున్న భయాలు కూడా చెప్పాలి. మన దగ్గర మ్యూజియం సందర్శన అంటే లైనులో నడిపించడం, 'ముట్టుకోవద్దు' అని అరవడం, గుమ్మం దగ్గర గ్రూపు ఫొటో. ఇది కూడా అలాగే తయారైతే ఆ డబ్బుతో బడికి బెంచీలు కొనడం నయం. దీనికి మార్కులు పెట్టినా చచ్చిపోతుంది. 'క్లోజప్ అనగానేమి' అని రెండు మార్కుల ప్రశ్న వచ్చిన రోజున గైడు కూడా వచ్చేస్తుంది. ఇంకో ప్రమాదం అభిమాన సంఘాలది. ఏ హీరో ఫ్లెక్సీ ఆ గుమ్మం ఎక్కినా పిల్లలు రెండు వర్గాలైపోతారు, పాఠం పక్కకు పోతుంది. ప్రారంభోత్సవానికి సినీ ప్రముఖుల్ని పిలవొద్దని ఇప్పుడే మనవి చేస్తున్నాం. బాధపడితే పడనివ్వండి.

పిలవాల్సినవాళ్లు వేరే ఉన్నారు. మన ఊళ్ల హాళ్లలో ముప్పై, నలభై ఏళ్లు కేబిన్‌లో పనిచేసిన ఆపరేటర్లు. ప్రొజెక్టర్‌కు వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు సర్దుతూ, ఒక మెషిన్‌లో రీలు అయిపోయేలోపు రెండోదాన్ని సిద్ధం చేసుకుని, కన్ను తెర మీద, చెవి మెషిన్ మీద పెట్టి బతికినవాళ్లు. రీలు తెగితే హాలంతా ఈలలు వేస్తుండగా నిమిషంలో అతికించినవాళ్లు. డిజిటల్ వచ్చాక వాళ్ల విద్య ఎవరికీ పనికిరాకుండా పోయింది. పిల్లలకు ఫిల్మ్ కోసి అతకడం వాళ్లకంటే బాగా ఎవరు చూపగలరు? రోజుకు ఇంత అని గౌరవ వేతనం ఇచ్చి పిలిస్తే వస్తారు. వాళ్లలో చాలామంది వయసు ఇప్పుడు డెబ్బై చేరువలో ఉంది.

జిల్లా యంత్రాంగం, విద్యాశాఖ, సంగీత కళాశాల ఒకసారి కూర్చుని మాట్లాడుకుంటే మొదటి వర్క్‌షాపు వచ్చే సిరిమాను లోపే పెట్టొచ్చు. కొత్త భవనం వద్దు, శిలాఫలకం అసలే వద్దు. గురజాడ ఇంట్లో ఒక పూట, సంగీత కళాశాలలో ఒక గది, ఆడే ప్రొజెక్టర్ ఒకటి చాలు. మూతపడిన హాళ్ల ప్రొజెక్టర్లు చాలాచోట్ల పాత ఇనుము కిందే పోయాయి. దుమ్ము పట్టి ఇంకా ఎక్కడైనా ఒకటి మిగిలి ఉంటే, యజమాని తూకానికి వేయకముందే వెళ్లి అడగాలి.