వైజాగ్ వీకెండ్: రైలు దిగాకే అసలు ప్రయాణం

హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి రైలు దారి దాదాపు 700 కిలోమీటర్లు. శుక్రవారం రాత్రి ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి ఊళ్లో ఉంటాం. అక్కడ స్నేహితుల ఇల్లుంటే హోటల్ ఖర్చూ ఉండదు. అయినా చాలామంది కారు తీస్తున్నారు, లేదంటే దిగగానే రెండు రోజులకు క్యాబ్ మాట్లాడుకుంటున్నారు. రాత్రి రైలు గురించి ఎవరికీ పెద్దగా బెంగ లేదు. స్టేషన్ నుంచి ఇంటికి, ఇంటి నుంచి బీచ్‌కి, బీచ్ నుంచి మళ్లీ స్టేషన్‌కి ఎలా అన్నదే బెంగంతా. అందులో సగం కాస్త ముందుచూపుతో తీరుతుంది. మిగతా సగం తీర్చాల్సింది ఆర్టీసీ, రైల్వే, నగరపాలక సంస్థ.

ముందు టికెట్ సంగతి. 2024 నవంబరు 1 నుంచి రైలు ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. ఈ లెక్కన శుక్రవారం రైలుకు బుకింగ్ ఎప్పుడూ ఒక సోమవారం ఉదయం 8 గంటలకు మొదలవుతుంది, ఆదివారం తిరుగు రైలుకు అదే వారం బుధవారం ఉదయం 8 గంటలకు. సోమవారం సీటు దొరికిందన్న సంతోషంలో బుధవారాన్ని మర్చిపోయేవాళ్లే చివరికి ఇరుక్కుంటారు. శుక్రవారం రైలు తప్పితే శనివారమైనా వెళ్లొచ్చు. ఆదివారం రాత్రి బెర్తు లేకపోతే సోమవారం ఆఫీసు పోయినట్టే. అందుకే అలారం పెట్టుకోవాల్సింది బుధవారానికి. ఆ రోజు దొరక్కపోతే వెళ్లే టికెట్ అప్పుడే రద్దు చేసుకుని మరో వారం చూసుకోవడం మేలు, అంత ముందుగా రద్దు చేస్తే పోయే డబ్బు కొద్దే.

వెయిటింగ్ లిస్టులన్నీ ఒకటి కావు. గోదావరి, గరీబ్‌రథ్ రైళ్లు విశాఖలోనే బయల్దేరతాయి కాబట్టి అక్కడి నుంచి సికింద్రాబాద్‌కు తీసుకుంటే సాధారణంగా జీఎన్‌డబ్ల్యూఎల్, అంటే రైలు మొదలయ్యే చోట ఎక్కేవాళ్ల జనరల్ వెయిటింగ్ లిస్టు, వస్తుంది, అది వేగంగా కదులుతుంది. విశాఖ ఎక్స్‌ప్రెస్, కోణార్క్ భువనేశ్వర్ నుంచి వస్తాయి. మధ్యలో ఎక్కే మనకు ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్ (మధ్య స్టేషన్ల కోటా జాబితా) అనో పీక్యూడబ్ల్యూఎల్ (కొన్ని స్టేషన్లకు కలిపి ఇచ్చిన ఉమ్మడి కోటా జాబితా) అనో పడితే, చిన్న నంబరైనా ఆశ పెట్టుకోకూడదు. ఆ కోటాకు కేటాయించిన బెర్తులే తక్కువ. ఇక తత్కాల్ అంటారా, ఆదివారం రైలుకు శనివారం ఉదయం ఏసీకి 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు తెరుస్తారు. 2025 జులై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి. ఖాతాకు ఆధార్ జతచేయడం ఇంటి దగ్గరే ముగించుకోవాలి. ఆ పని బీచ్‌లో నిలబడి మొదలుపెడితే సీట్లు అయిపోతాయి.

వందేభారత్ వేగంగా వెళ్తుంది కానీ వీకెండ్‌కు వేళలు కుదరవు. మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో బయల్దేరేది విశాఖ చేరేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. ఆ వేళకు సిటీ బస్సులుండవు, పాపం స్నేహితుల నిద్రా చెడుతుంది. గోదావరి పొద్దున్నే దింపుతుంది కానీ హైదరాబాద్‌లో సాయంత్రం అయిదు దాటగానే బయల్దేరుతుంది కాబట్టి సగం రోజు సెలవు పెట్టాలి. ఆఫీసు ముగించుకుని వెళ్లేవాళ్లకు రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో కదిలే గరీబ్‌రథే నయం.

ఎక్కడ దిగాలో టికెట్ తీసేటప్పుడే తేల్చుకోవాలి. విశాఖ స్టేషన్ హౌరా-చెన్నై ప్రధాన మార్గం నుంచి పక్కకు ఉంటుంది. ఒడిశా వైపు సాగిపోయే రైళ్లు లోపలికి వస్తే ఇంజన్ తిప్పి కట్టాలి. ప్లాట్‌ఫాం ఖాళీ అయ్యేదాకా వెనక బండ్లు బయట ఆగుతాయి. దువ్వాడ నుంచి విశాఖకు ఉన్నది పదిహేడు కిలోమీటర్లే అయినా చాలా రైళ్లకు టైంటేబుల్‌లోనే ముప్పావుగంట ఇచ్చారు. స్నేహితుల ఇల్లు గాజువాక, కూర్మన్నపాలెం, ఉక్కునగరం వైపైతే దువ్వాడలోనే దిగిపోవాలి. విశాఖ దాకా వెళ్లి వెనక్కి రావడం అంటే గంటన్నర దండగ. బస్సులో వచ్చేవాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది: విజయవాడ వైపు నుంచి వచ్చే ఆర్టీసీ బస్సులు సాధారణంగా అనకాపల్లి, గాజువాక, ఎన్‌ఏడీ కూడలి మీదుగానే ద్వారకా బస్‌స్టేషన్‌కు (ఊళ్లో దీన్నే ఆర్టీసీ కాంప్లెక్స్ అంటారు) చేరతాయి. దిగే చోటు టికెట్ మీదే ఎంచుకోవచ్చు.

స్నేహితులను తెల్లవారుజామున స్టేషన్‌కు రప్పించడం మర్యాద కాదు. వాళ్లు లొకేషన్ పంపితే అది క్యాబ్‌కే పనికొస్తుంది. ఇంటికి దగ్గరి బస్‌స్టాప్ పేరు, అక్కడ ఆగే బస్సు నంబర్లు రాసి పంపమని అడగాలి. స్టేషన్ నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్ రెండు మూడు కిలోమీటర్లు, షేర్ ఆటోలో వెళ్లిపోవచ్చు. నగరంలో చాలా రూట్లు అక్కడ కలుస్తాయి.

ఇక సముద్రం. బీచ్ రోడ్డు వెంట రుషికొండ మీదుగా భీమిలి వెళ్లేది 900కె బస్సు. నంబరులో ‘కె’ చూసి ఎక్కాలి, ఉత్త 900 హైవే మీదుగా పోతుంది. భీమిలి వెళ్లేటప్పుడు కుడివైపు సీటు పట్టాలి, తిరిగొచ్చేటప్పుడు ఎడమవైపు. కైలాసగిరి దాటాక ఆ కిటికీలోంచి సముద్రం చాలాసేపు పక్కనే నడుస్తుంది, రెండో పక్క తొట్లకొండ, బావికొండ బౌద్ధ క్షేత్రాలున్న గుట్టలు. తర్వాత ఎర్రమట్టి దిబ్బలు, ఆపైన గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమిలి. పాతిక ముప్పై కిలోమీటర్ల ఈ దారి క్యాబ్‌లోకన్నా బస్సులోనే బాగా కనిపిస్తుంది, సీటు ఎత్తు కాబట్టి. స్నేహితులు మధురవాడలో ఉంటే మాత్రం కాంప్లెక్స్ దాకా వెళ్లక్కర్లేదు. అక్కడికి దగ్గర్లోని ఎండాడ నుంచి రుషికొండకు ఆటోలో చిన్న దూరం.

తూర్పు తీరం కాబట్టి ఆరు గంటలకల్లా ఇసుకలో ఉంటేనే సుఖం, తొమ్మిదికి ఎండ మండుతుంది. ఆర్కే బీచ్‌లో ఈతకు దిగొద్దు. ఒడ్డునే లోతు పెరుగుతుంది, నీరు వెనక్కి లాగుతుంది. అలలు విరుగుతున్న చోటు భయపెడుతుంది, పక్కనే అలల్లేకుండా ముదురు రంగులో ఉన్న పాయ నిమ్మళంగా కనిపిస్తుంది. ప్రమాదం ఆ పాయలోనే. నురుగూ ఇసుకా అందులోంచి లోపలికి పోతుంటాయి. పొరపాటున చిక్కితే ఒడ్డుకేసి ఎదురీదకుండా, తీరానికి సమాంతరంగా ఈది పాయ నుంచి బయటపడి అప్పుడు ఒడ్డుకు తిరగాలి.

ఆదివారం మధ్యాహ్నానికే స్నేహితుల ఇల్లు వదిలి సామాను స్టేషన్ క్లోక్‌రూంలో పెడితే సాయంత్రమంతా చేతులు ఖాళీ. టికెట్ చూపాలి, సంచికి తాళం ఉండాలి. తాళం లేని బ్యాగును తీసుకోరు, కాబట్టి చిన్న తాళం వెంట ఉంచుకోవాలి. రాత్రి రైలైతే ఆర్కే బీచ్ దాకా వెళ్లి రావొచ్చు. రుషికొండ, భీమిలి మాత్రం శనివారమే చూసేయాలి. ఆదివారం సాయంత్రం ఊరంతా బీచ్ రోడ్డు మీదే ఉంటుంది, అరగంట దారికి గంటన్నర పట్టొచ్చు.

ఇక్కడే పాలకుల బాధ్యత మొదలవుతుంది. 2025 ఆగస్టులో ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ దాకా పర్యాటకుల కోసం డబుల్ డెక్కర్ విద్యుత్ బస్సులు తెచ్చారు. మంచిదే. కానీ రుషికొండకు కుటుంబంతో వచ్చి చీకటి పడ్డాక ఇల్లు చేరాల్సిన మనిషికి కావాల్సింది మామూలు సిటీ బస్సు. అదే నెల 15న మొదలైన స్త్రీశక్తి పథకంతో ఆంధ్రప్రదేశ్ మహిళలు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌ల్లో ఛార్జీ లేకుండా తిరుగుతున్నారు. తెలంగాణ చిరునామాతో ఆధార్ ఉన్న అతిథికి అది వర్తించదు, చిల్లర దగ్గరుంచుకోవాలి. ఇంటి ఆడవాళ్లు మొదటిసారి లెక్కలు చూసుకోకుండా సముద్రానికి వెళ్లగలుగుతున్న ఈ సమయంలో బీచ్ రూటులో బస్సులు పెంచకపోతే, పథకం ఫలం ఫుట్‌బోర్డు మీద వేలాడుతుంది.

అడిగేవి పెద్ద కోరికలు కావు. ఆదివారం సాయంత్రం అయిదు నుంచి ఎనిమిదిన్నర దాకా రుషికొండ నుంచి కాంప్లెక్స్‌కు అదనపు ట్రిప్పులు, ఆ వేళకు బస్సుకు ఒక వరుస వదిలేలా ట్రాఫిక్ పోలీసుల ఏర్పాటు. తెల్లవారుజామున రైళ్లు దిగే సమయానికి స్టేషన్ బయట, వెనక జ్ఞానాపురం వైపు ద్వారం దగ్గర కూడా, ఏ బస్సు ఎటు వెళ్తుందో తెలుగులో రాసిన బోర్డు. రుషికొండ, భీమిలి స్టాపుల్లో ఆఖరి బస్సు ఎన్నింటికో కంటికి కనిపించేంత పెద్ద అక్షరాల్లో.