సారా బెర్నార్ మీద మోకాలి నొప్పి బాధితుడి ఫిర్యాదు

నా కుడి మోకాలు నొప్పి ఆఫీసు రికార్డుల్లోకి ఎక్కిన విషయం. పదిహేను రోజుల మెడికల్ లీవుకు సరిపడా సర్టిఫికెట్ ఉంది. కాలి కింద దిండు పెట్టుకుని పడుకున్న మూడో రోజున మా ఆవిడ ఫోన్ నా ముఖం మీద పెట్టింది. "ఈవిడ కాలు తీసేసినా నాటకాలు వేసిందటండీ. మీరు కనీసం కొత్తిమీర కట్ట తేలేరా?"

అలా పరిచయమైంది ఫ్రెంచి నటి సారా బెర్నార్. 1844లో పుట్టి 1923లో పోయింది. పోయి వందేళ్లు దాటినా నా లీవుకు అడ్డు పడుతోంది కాబట్టి ఈ ఫిర్యాదు.

ఆవిడ వేసే 'లా టోస్కా' నాటకంలో కోట గోడ మీంచి దూకే సీను ఒకటుంది. 1905లో బ్రెజిల్‌లోని రియోలో ఆ దూకుడుకు సారా మోకాలు దెబ్బతింది. అదీ కుడి మోకాలే! బుద్ధున్న ఉద్యోగి ఎవరైనా అక్కడితో గోడల్లేని సెక్షన్‌కి బదిలీ అడుగుతాడు. ఈవిడ పదేళ్లు లాగింది. 1915 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌లోని బోర్డో ఊళ్లో డాక్టర్లు కాలు తీసేశారు. అప్పటికి 70 ఏళ్లు. కొయ్యకాలు వద్దంది. మరుసటి ఏడే పల్లకీలాంటి కుర్చీలో మోయించుకుంటూ మొదటి ప్రపంచ యుద్ధరంగానికి వెళ్లి సైనికుల ముందు నటించింది. ఆ పైన అమెరికా టూర్. అక్కడ 1917లో కిడ్నీ ఆపరేషన్ జరిగితే, కోలుకుని మళ్లీ స్టేజీ ఎక్కింది. లీవు మీద లీవు కలిసొచ్చే యోగాన్ని ఇలా కాలదన్నుకున్న మనిషిని నేను చూడలేదు.

వయసు సంగతి మరీ ఘోరం. 1909లో, చిన్న వయసులోనే విచారణ జరిపి కాల్చేసిన ఫ్రెంచి వీరవనిత జోన్ ఆఫ్ ఆర్క్ వేషం వేసింది. విచారణ సీనులో వయసెంత అని అడిగితే, 65 ఏళ్ల సారా ప్రేక్షకుల వైపు తిరిగి "పంతొమ్మిది" అంది. హాలంతా చప్పట్లు! మా ఆఫీసులో సర్వీసు రిజిస్టర్ అలా దిద్దుకుంటే విజిలెన్స్ వాళ్లు దిగుతారు. (మన సినిమా హీరోలు ఈ ఫిర్యాదు మీద సంతకం పెట్టరని తెలుసు. వాళ్లని అడగలేదు.)

అన్నిటికంటే నన్ను బాధించింది వీడ్కోలు యాత్రలు. ఒకటి కాదు, అమెరికాకే పలుమార్లు వీడ్కోలు చెప్పి మళ్లీ వెళ్లింది. ఒకసారి థియేటర్ల యజమానులు హాళ్లు ఇవ్వకపోతే టెక్సాస్‌లో సర్కస్ డేరా వేయించి ఆడింది. మా దగ్గర వీడ్కోలు సభకు ఒక మర్యాద ఉంది. శాలువా, దండ, ఉప్మా, అరగంట ఏడుపు. శాలువా కప్పించుకున్నవాడు సోమవారం మళ్లీ వచ్చి అదే కుర్చీలో కూర్చుంటే, చందాలిచ్చినవాళ్ల గతేం కాను?

ఒక్క పని మాత్రం నచ్చింది. శవపేటికలో పడుకుని ఫోటో తీయించుకుంది. ఎలా అయితేనేం, పడుకుంది కదా.

చివరి రోజుల్లో ఇల్లు కదల్లేకపోతే సినిమావాళ్లు లైట్లు, కెమెరా పారిస్‌లోని ఆమె ఇంటికే మోసుకొచ్చారు. ఆ షూటింగ్ పూర్తి కాకుండానే మార్చి 26న కన్నుమూసింది.

సానుభూతి దొరుకుతుందని ఇదంతా మా ఆవిడకు చదివి వినిపించాను. "వర్క్ ఫ్రమ్ హోమ్ అన్నమాట" అంటూ లోపలికెళ్లి, కిలో ఉల్లిపాయలూ చాకూ పళ్లెంలో పెట్టి తెచ్చి నా మంచం మీద పెట్టింది.