గొల్లపూడిలో ఇల్లు, సూర్యాపేటలో సామాను

హైదరాబాద్‌లో ఫ్లాట్ అమ్మేసి విజయవాడ పక్కన ఇల్లు కొనుక్కోవడం ఒకప్పుడైతే ఉన్న రాష్ట్రంలోనే ఊరు మారడం, 2014 జూన్ 2 తర్వాత అదే పని పక్క రాష్ట్రానికి తరలిపోవడం అయి కూర్చుంది. మా ఆయన రిటైరైన మర్నాటి నుంచీ ఒకటే పాట, ఇంక ఈ ట్రాఫిక్కు మనవల్ల కాదు, మనూరెళ్లిపోదాం అని. మనూరు అంటే ఆయనూరు లెండి, కొండపల్లి దగ్గర. నాకు కూకట్‌పల్లిలో కూరగాయలబ్బాయి దగ్గర్నుంచి అందరూ చుట్టాలే, నన్నెవరడిగారు. పిల్లాడు డాలస్ నుంచి ఫోన్‌లో "అమ్మా, మీ ఇష్టం" అన్నాడు, అదీ స్పీకర్ ఆన్‌లో ఉందని తెలిసి.

కాగితాలు బయటికి తీస్తే అదో వినోదం. మేం 2004లో కొన్నప్పుడు దస్తావేజులో రంగారెడ్డి జిల్లా, ఆంధ్రప్రదేశ్ అని ఉంది, ఇప్పుడు అదే ఫ్లాటు మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా, తెలంగాణ. గొల్లపూడిలో చూసిన ఇంటికి లింక్ డాక్యుమెంట్లన్నీ కృష్ణా జిల్లా, 2022 నుంచీ అది ఎన్టీఆర్ జిల్లా. ఇళ్లు రెండూ అంగుళం కదల్లేదు, జిల్లాలే వాటి కాళ్ల దగ్గరికొచ్చి మారిపోయాయి, మూటలు కట్టుకుని చచ్చేది మాత్రం మేం.

మా ఆయన నోట్‌బుక్‌లో రెండు రాష్ట్రాల లెక్కలూ పక్కపక్కన వేశారు. స్టాంప్ డ్యూటీ తెలంగాణలో ఐదున్నర శాతం, ఆంధ్రాలో ఐదే, "చూశావా అర శాతం మిగిలింది" అని ఎగిరి గంతేశారు, కింది లైన్లో రిజిస్ట్రేషన్ ఫీజు అక్కడ అర శాతం, ఇక్కడ ఒకటి, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఎక్కడైనా ఒకటిన్నరే, కూడితే రెండుచోట్లా ఏడున్నర. "అయినా అక్కడ కట్టేది మన ఫ్లాట్ కొన్నాయన కదండీ, మీకెందుకు" అంటే నోట్‌బుక్ మూసేశారు. ఇంకా టీడీఎస్ సంగతి చెప్పాలి, యాభై లక్షలూ ఆ పైన ఉంటే కొనేవాడు ఒక శాతం పట్టుకుని గవర్నమెంటుకి కట్టాలిట, మా ఫ్లాట్ కొన్నాయన పట్టుకుంటే ఇదేం దోపిడీ అని ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు, గొల్లపూడి ఇంటావిడ దగ్గర ఈయన పట్టుకున్నప్పుడు మాత్రం "రూల్ అంటే రూలేనండీ" అని ఎంత వినయమో.

ముహూర్తాలు మా అత్తయ్యగారి డిపార్ట్‌మెంటు. ఆవిడకి తెనాలి సిద్ధాంతిగారు తప్ప ఇంకెవరూ ఆనరు. ఆయన ఫ్లాట్ అమ్మకానికి దివ్యమైన రోజంటూ జూన్ 2 పెట్టారు. తెలంగాణ ఆవిర్భావ దినం, ఆఫీసులన్నీ సెలవు. ఫోన్ చేస్తే "మాకిక్కడ సెలవేం లేదే" అన్నారు. స్వామీ, ఫ్లాటు ఇక్కడుంది అని చెప్పి ఇంకో రోజు పెట్టించుకున్నాం. అప్పుడు తెలిసింది అసలు సంగతి, ఇంకో వారం దాటితే మూఢం, మూఢం అవుతుండగానే ఆషాఢం, మళ్లీ శ్రావణం దాకా గృహప్రవేశం మాటెత్తకూడదు. పాత ఇల్లు అమ్మిన రెండేళ్లలోపు ఇంకో ఇల్లు కొనుక్కుంటే, లాభం మీద పన్ను తప్పుతుందని సెక్షన్ 54లో ఉందిట. చట్టం రెండేళ్లు టైమిచ్చింది, సిద్ధాంతిగారు ఒక్క తెల్లవారుజాము ఇచ్చారు.

సరే, రిజిస్ట్రేషన్లు రెండూ అయిపోయాయి. సర్వర్ డౌన్, వేలిముద్ర పడకపోవడం, సాక్షి సంతకం పెట్టాల్సినాయన టీకని వెళ్లి కనపడకపోవడం, ఇవన్నీ మామూలే. మా ఫ్లాట్ కొన్నది కరీంనగర్ వాళ్లు, బంగారంలాంటి మనుషులు. "అన్నా, మాది గూడ ముహూర్తం గదే రోజు వడ్డది, పొద్దుగాల నాలుగ్గొట్టంగ పాలు పొంగియ్యాలె, మీరు ఆ రాత్రికి ఖాళీ జేస్తే సాలు" అన్నాడాయన. గొల్లపూడి ఇంటావిడ కూడా సాయంత్రానికి తాళాలు బావగారి చేతికి ఇచ్చేస్తామంది. అంటే రాత్రి అక్కడ్నుంచి బయల్దేరితే తెల్లారేసరికి ఇక్కడ పాలు పొంగిస్తాం. కాగితం మీద ఎంత ముచ్చటగా ఉందో చూడండి.

ఇందులోకి ఆవకాయ ఎందుకొచ్చిందంటే, మళ్లీ ఆ ధరకి కాయ దొరకదని అత్తయ్యగారు సరిగ్గా ప్రయాణం ముందే కలిపించారు. ఇల్లంతా అట్టపెట్టెలు, మధ్యలో నేను, మామిడి ముక్కలు, ఆవపిండి. జాడీకి వాసెన కట్టి, దుప్పట్లు చుట్టి, లారీలో ఫ్రిజ్‌కీ బీరువాకీ మధ్య సందులో పెట్టించాం. ముందు లారీ, వెనక మా కారు. వెనక సీట్లో ఒళ్లో దేవుడి పెట్టె పెట్టుకుని అత్తయ్యగారు, ఆవిడ పక్కన కరివేపాకు కుండీ.

పంతంగి టోల్ దాటాం, కొర్లపహాడ్ దాటాం. సూర్యాపేటలో టీ తాగుతుంటే బావగారి ఫోన్. గొల్లపూడి ఇంటావిడ కూతురు, నెలాఖరుకి కదా డేటిచ్చారు, ఆ రాత్రే నొప్పులొచ్చి ఆస్పత్రికి తీసుకెళ్లారట, ఆడపిల్ల, తల్లీ పిల్లా క్షేమం. వాళ్ల సామాను సగం అట్టపెట్టెల్లో, సగం అలమరాల్లో, తాళాలు ఆవిడ బొడ్లో, ఆవిడ ఆస్పత్రిలో. "పాపం, బాలింతని ఎక్కడికని కదుపుతారు" అన్నారు అత్తయ్యగారు. నేనూ అదే అన్నాను. మా ఆయన మాత్రం "రిజిస్ట్రేషన్ అయిపోయింది, ఆ ఇల్లు చట్టప్రకారం మనది" అని టీకొట్టు ముందు నిలబడి లారీ డ్రైవర్‌కి సేల్ డీడ్ వివరిస్తున్నారు. డ్రైవర్ అంతా విని "అది సరే సార్, సామాను ఎక్కడ దింపాలో చెప్పండి" అన్నాడు. ఆ రాత్రి సూటిగా మాట్లాడిన మనిషి అతనొక్కడే.

అర్ధరాత్రి సిద్ధాంతిగారిని లేపారు. పురుడు ఎవరికి, పుట్టింటివాళ్లకా అత్తింటివాళ్లకా, పిల్ల పుట్టింది ఆస్పత్రిలో కదా ఇంటికేంటి, ఇంటికైతే అది అమ్మినవాళ్లదా కొన్నవాళ్లదా, ఇలా చాలాసేపు నడిచింది. చివరికి ఆయన, బాలింత వచ్చి ఉండబోయే ఇల్లమ్మా అది, పదకొండో రోజు పుణ్యాహవచనం అయితేగానీ లాభం లేదు, అప్పటికి మూఢం వచ్చేస్తుంది, శ్రావణంలో చూద్దాం, అని ఫోన్ పెట్టేశారు. వెనక్కి పోదామంటే కూకట్‌పల్లిలో ఈపాటికి కరీంనగర్ వాళ్లు గుమ్మానికి తోరణాలు కడుతుంటారు.

ఇంతలో అత్తయ్యగారు కారద్దం దించి, "అమ్మాయ్, ఇవాళ మూడో రోజు కదూ, ఆవకాయ తిరగకలపలేదు" అన్నారు. ఇల్లు లేదు, వాకిలి లేదు, ఆవకాయకి మూడో రోజు మాత్రం వచ్చేసింది. చూసి ఊరుకుంటే ఊరంతా బూజు పట్టిన కథ నా పేరు మీద ఉంటుందని, లారీ ఎక్కాను. డ్రైవర్ సెల్‌ఫోన్ టార్చి పట్టుకున్నాడు, క్లీనర్ బీరువా నన్ను గుద్దకుండా భుజం అడ్డం పెట్టాడు, నేను వాసెన విప్పి, గరిటె ఏ పెట్టెలో ఉందో తెలీక చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని అడుగు దాకా కలిపాను. ఊట బాగా దిగింది, నూనె పైకి తేలి ఆ టార్చి వెలుగులో ఎర్రగా మెరుస్తోంది. హైవే మీద ఆ ఘాటుకి టీకొట్టు దగ్గరున్న జనం ఒక్కొక్కళ్లే లారీ వెనక్కొచ్చారు. "ఉప్పు సరిపోయిందా అక్కా" అని అడిగాడు క్లీనర్. ఒక ముక్క పెట్టి చూడమన్నాను. సరిపోయిందన్నాడు. టీకొట్టాయన పళ్లెంలో అన్నం తెచ్చాడు, ఇంకేముంది.

తెల్లారేసరికి సామాను బావగారింటి మేడమీది పోర్షన్‌లోకి, పట్టనిది మా తోటికోడలి వరండాలోకి చేరింది. అక్కయ్య ఏమీ అనలేదు, కానీ మా సోఫా చూసినప్పుడల్లా ఒక నిట్టూర్పు. గొల్లపూడి ఇంటావిడ చాలా మర్యాదస్తురాలు, మీ ఇంట్లో ఊరికే ఉండటం ఏం బాగుంటుందమ్మా అని శ్రావణం దాకా అద్దె ఇస్తానంది. మా ఆయన వద్దువద్దంటూనే ఎంతిస్తారో అడిగారు. అలా ఒక్కరోజు కూడా నివాసం ఉండకుండానే ఇంటి ఓనరు అయ్యారు, మర్నాటి నుంచే కుళాయి కారుతోంది, మోటారు ఎక్కట్లేదు అని ఫోన్లు.

బారసాలకి మమ్మల్ని కూడా పిలిచారు. మా హాల్లో, మా ఫ్యాన్ కింద, ప్లాస్టిక్ కుర్చీల్లో చుట్టాల్లా కూర్చున్నాం. పిల్ల బంగారుబొమ్మ. మా ఆయన పిల్లని చూడ్డం తక్కువ, పైకి చూడ్డం ఎక్కువ, ఆ గదిలో ఏసీ పొద్దున్నించీ ఆడుతోందని ఆయన దిగులు, మీటర్ ఈయన పేరు మీదికి మార్పించింది ఆ ముందురోజే. పక్కనున్న పెద్దావిడ పలకరింపుగా "మీరు ఇల్లుగలవాళ్లకి ఏమవుతారమ్మా?" అని నన్ను అడిగింది.

ఏం చెప్పాలో తోచక, "ఆవకాయ పట్టుకొచ్చామండీ" అన్నాను.