గోల్డెన్ అవర్‌ను జర సాగదీయాలి

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ గోల్డెన్ అవర్ అంటే ఏమిటో తేల్చేసింది: గాయమైనప్పటి నుంచి ఒక గంట. ఆ గంటలో వైద్యం అందితే ప్రాణం నిలిచే అవకాశం ఎక్కువ. ఏటూరునాగారం నుంచి వరంగల్ ఎంజీఎం పెద్దదవాఖానకు దాదాపు వంద కిలోమీటర్లన్న ముచ్చట ఆ చట్టం రాసినవాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.

అందుకే అత్యవసర వైద్య విధానం మీద హన్మకొండలో ఎవరు చర్చ పెట్టినా నేను పోయి ఒక్కటే ప్రతిపాదిస్తున్నాను. గంటను ఆరు గంటలు చేయండి. వాగుల మీద వంతెనలు కట్టాలన్నా, ఏరియా దవాఖానలో రాత్రిపూట మత్తు ఇచ్చే డాక్టరు ఉండాలన్నా కోట్లు కావాలి. చట్టంలో అంకె మార్చడానికి కాస్త సిరా చాలు.

ఆరు ఎందుకు? వానకాలంలో వాగు అవతలి గూడెంలో పడ్డవాణ్ని మంచం మీద మోసుకురావడానికే ఒక గంట పోతుంది. ఇవతల 108 నిలబడే ఉంటుంది. 2005 ఆగస్టు 15 నుంచి తిరుగుతున్న ఆ బండిని తప్పుపట్టలేం, అది పడవ కాదు కదా. ఆ తర్వాత అసలు చికిత్స, అంటే రిఫర్ చీటీ, మొదలవుతుంది. మండలంలో ఒక డోసు, జిల్లాలో ఇంకో డోసు, ఆఖరికి 'హైదరాబాద్ తీస్కపోండ్రి' అనే బూస్టర్. ఈ మందుకు గడువు తేదీ లేదు, కొరత అసలే లేదు. ముందు వైద్యం చేయండి, కాగితాలు తర్వాత చూసుకోండని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ఆ తీర్పు ఇంకా క్యాష్ కౌంటర్ దాకా రాలేదు. దారిలో ఎవరో దాన్నీ రిఫర్ చేసి ఉంటారు.

అంబులెన్స్‌కు దారి ఇవ్వకపోతే 10,000 రూపాయల దాకా జరిమానా. బరాత్ డీజేకు మినహాయింపు చట్టంలో లేదు గానీ చౌరస్తాలో ఉంది.

అన్నట్టు, పాము కరిచినవాడు, గుండె పట్టుకున్నవాడు ఆశపడొద్దు. చట్టం ఇచ్చిన గంట గాయాలకే. వాళ్లకోసం వేరే ఏర్పాటు చేశాం: వరంగల్ సెంట్రల్ జైలును కూలగొట్టి, 2021లో 24 అంతస్తుల దవాఖానకు శంకుస్థాపన చేశాం. కట్లపాము కాటుకు కావాల్సింది ఎత్తు కాదు, పక్క ఊరి పీహెచ్‌సీలో రాత్రి రెండింటికి యాంటీ వెనమ్ ఎక్కించే డాక్టరు అని ఒక పెద్దమనిషి గొణిగాడు. విజన్ లేని మనిషి.

నా ప్రతిపాదనకు చప్పట్లు బాగానే పడ్డాయి. వెనక వరుసలో ఉన్న 108 పైలట్, అంటే ఆ బండి డ్రైవరు, మాత్రం లేచి అడిగాడు: "సార్, మనిషి ఒంట్ల ఉండేది అయిదు లీటర్ల నెత్తురు. గంటలు పెంచుతున్నరు గద, గవి గూడ పెంచుతరా?"

మంచి ప్రశ్న. ఉపసంఘానికి రిఫర్ చేశాం.